రన్‌వే మీద పొయ్యి

మునిరత్నం తన ఉద్యోగం గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు. విమానం దిగే ముందు రన్‌వే మీది ఆవుల్నీ మేకల్నీ తరిమి పచ్చజెండా ఎత్తాలి, అంతే. తిరుచానూరు అవతలి బీడులో ఆ చిన్న విమానాశ్రయం వెలసిన కొత్తలో, డెబ్బైల నాటి మాట, అంతకు మించిన హంగులేవీ ఉండేవి కావు. కంచె సగమే కట్టారు. దీపాలు లేవు. విమానం పొద్దు వాలేలోపు వచ్చి పోవాల్సిందే.

రన్‌వే తూర్పు కొన ఒకప్పుడు గంగమిట్ట అనే పల్లె. మునిరత్నం పుట్టిందీ, భారతమ్మతో కాపురం చేసిందీ అక్కడే. గంగమ్మ జాతరకు చాటింపు వేయించే వంతు వాళ్ల ఇంటిది. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊళ్లోవాళ్లెవరూ పొలిమేర అవతల నిద్ర చేయకూడదు, అదే కట్టు. ఆఖరి రోజు ఆ ఇంటి మగవాడే పేరంటాలి వేషం కట్టి, మట్టితో చేసిన అమ్మవారి చెంప నరుకుతాడు. ఆ మట్టి తలా ఇంత అందుకుంటేనే ఊరికి కట్టు విడుతుంది.

రన్‌వే కోసం పల్లె ఖాళీ చేసిన ఏడు అప్పటికే చాటింపు పడిపోయింది. సర్కారు కట్టించిన కాలనీలో ఇళ్లు సిద్ధంగా ఉన్నాయి. ముందు కదిలినవాడికి ఉద్యోగం దొరుకుతుందని ఎవరో మునిరత్నానికి ఆశ పెట్టారు.

“జాతర కానీ, ఆమైన పోదాం. గంగమ్మకు లేని తొందర నీకేల?” అంది భారతమ్మ.

మునిరత్నం చెవిన పెట్టలేదు. బండి కట్టాడు. అతన్ని చూసి ఊరంతా కదిలింది. జాతర సగంలో ఆగిపోయింది. ఆ నెలలోనే కాలనీలో జ్వరం తగిలి భారతమ్మ చనిపోయింది.

మరుసటి ఏడు జాతర రోజుల్లో, ఎండ పచ్చబడే వేళ, ఆమె రన్‌వే మీద కనబడింది. తమ పొయ్యి ఉండిన చోటే గొంతుక్కూర్చుని, పుల్లలు ఎగదోస్తున్నట్టు తారు మీద చేతులు ఆడిస్తోంది. మంట లేదు, పొగ లేదు. రాగిసంగటి వాసన మాత్రం గుప్పుమని వచ్చింది. మునిరత్నం పారిపోదామనుకున్నాడు గానీ కాళ్లు ఆమె వైపే నడిచాయి. అంతలో విమానం చప్పుడు వినబడింది. ఇంట్లో అన్నట్టే అన్నాడు.

“లెయ్ భారతీ, ఇమానం వస్తాండాది.”

ఆమె లేచి కొంగు దులుపుకుని, రన్‌వే పక్కన మిగిలిన మిట్ట వైపు వెళ్లిపోయింది.

ఏటా ఇదే వరస. కాలనీలో వాళ్లకు ఆ రోజుల్లో నిద్ర పట్టేది కాదు. వాకిళ్లలో కూర్చుని తూర్పుకే చూసేవాళ్లు. ఊరిపెద్ద మునెయ్య పోరుపెట్టాడు. “ఏసినోళ్లే ఇప్పాల కట్టు. చెంప నరుకు నాయనా, మేమంతా బతుకుతాం.”

మునిరత్నం వచ్చే ఏడు చూద్దామనేవాడు. కట్టు విడిస్తే ఆమె ఇక రాదు. ఏడాది పొడుగునా అతను బతికేది ఆ కాసిని సాయంత్రాల కోసమే. స్వార్థమే, కాదనను. ఆ మాట అతనికీ తెలుసు.

తర్వాత ముకుందం అనే ఇంజనీరు వచ్చాడు. నొసట నామం, చంకలో చుట్టిన ప్లాన్లు. రన్‌వే పొడిగించాలి, కంచె పూర్తి చేయాలి, దీపాలు పెట్టాలి. ఆ ఏడు జాతర రోజుల్లో భారతమ్మ పిలిస్తే లేవలేదు.

“పొయ్యి ఆర్పకుండా యాడికి పొయ్యేది?” అంది తల ఎత్తకుండానే.

దిగబోతున్న విమానం ఘీంకరించి, మునిరత్నం నెత్తి మీదుగా మళ్లీ పైకి లేచింది. చుట్టూ తిరిగి వచ్చి ఎలాగో దిగింది. మొక్కుజుట్టుకు జడ వేసిన పసివాడు తల్లి మెడ పట్టుకుని వెక్కుతూ మెట్లు దిగాడు. వాడి ముఖం చూశాక మునిరత్నం ఇక వచ్చే ఏడు చూద్దామనుకోలేకపోయాడు.

ముకుందం పరుగున వచ్చాడు. “ఎవురో ఆడమనిషి కూచోనుండాదని పైలట్ చెప్తాండాడు. కంచె కట్టేస్తే సరిపోతాదా?”

“కంచె ఆయమ్మకు అడ్డం కాదు సామీ. నేనే సాగనంపాల.”

ముకుందం అతని ముఖం చూసి, ప్లాను చుట్టుకున్నాడు.

జాతర ఆఖరి రోజు మునిరత్నం మిట్ట మీది మట్టితో అమ్మవారి ముఖం చేశాడు. భారతమ్మ కోక కట్టి, మొహాన పసుపు పూసుకున్నాడు. మునెయ్య డప్పులు తెప్పించాడు. కాలనీ అంతా వచ్చి రన్‌వే అంచున నిలబడింది. పొయ్యి దగ్గర భారతమ్మ తల ఎత్తి అతన్ని ఎగాదిగా చూసి నవ్వింది.

“నా కోక నీకు పొట్టి.”

మునిరత్నానికి ఏడుపు ఆగలేదు. “ఆ పొద్దు నీ మాట ఇనుంటే ఇంత జరిగుండదు.”

“నరుకు,” అంది మెత్తగా.

నరికాడు. జనం మట్టి అందుకున్నారు. భారతమ్మ కూడా అందరితో పాటే చెయ్యి చాపింది. అతను చిటికెడు మట్టి ఆ చేతిలో పెట్టాడు. మట్టి తారు మీద పడింది, అక్కడ ఆమె లేదు.

మళ్లీ ఏడు అవే రోజులు వచ్చాయి. కంచె పూర్తయింది, కొత్త దీపాలు వరసగా వెలిగాయి. కాలనీ హాయిగా నిద్రపోతోంది. సాయంత్రం విమానం చప్పుడు వినగానే మునిరత్నం పొయ్యి ఉండిన చోటికి నడిచాడు. సంగటి వాసన లేదు, వట్టి తారు వాసన.

“లెయ్ భారతీ, ఇమానం వస్తాండాది,” అన్నాడు.

ఆమె లేచి పోయేంత సేపు ఆగి, పచ్చజెండా ఎత్తాడు.