కూర ఆగిపోయిన ఇల్లు

ఈ మధ్య పోర్ట్ బ్లెయిర్‌లో వ్యాపారం చేసే కుర్రాళ్ళకు కొత్త పూజ ఒకటి పట్టుకుంది. వారానికోసారి పొద్దున్నే ఏదో ఒక హోటల్లో కూడతారు. ఒక్కొక్కడూ లేచి నిలబడి తన గొప్ప తనే చెప్పుకుంటాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. కార్డులు పంచుకుని, ఇడ్లీలు తిని వెళ్ళిపోతారు. దీన్ని నెట్‌వర్క్ అంటారట.

మా మేనల్లుడు నన్నూ ఒకసారి లాక్కెళ్ళాడు. మోకాళ్ళు మొరాయించి నేను జెట్టీకి వెళ్ళడం మానేశాక మా చేపల వ్యాపారం చూస్తున్నది అతనే. అక్కడ టై కట్టుకున్న ఒకాయన, కోల్డ్ స్టోరేజీ యజమాని, నా పక్కన కూర్చున్నాడు.

"అంకుల్, మీకు కాంటాక్ట్స్ ఎంతమంది?"

"అదేటో నాకు తెల్దు బాబూ. ఎవరింట్లో ఏ చేప తింటారో, ఎవరికి ఏది పడదో తెలుసు."

బల్ల చుట్టూ నవ్వులే. "అంకుల్ బడే మజాకియా హై" అన్నాడాయన. నేను హాస్యమాడలేదు. వ్యాపారం గురించి నాకు తెలిసిందే చెప్పాను.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. విశాఖ ఓడలో వచ్చే సరుకులకు చుట్టిన పాత తెలుగు పేపర్లు విప్పి, మడతలు సాపు చేసుకుని అక్షరాలు నేర్చుకున్నాను. వ్యాపారం మాత్రం మా అయ్య దగ్గర నేర్చుకున్నాను. శ్రీకాకుళం తీరం నుంచి మావాళ్ళు వెంట తెచ్చుకున్న పద్ధతి ఒకటుంది. పడవ ఒడ్డుకు రాగానే, కాటా మీదికి ఎక్కకముందే, కూరకని కొంత చేప పక్కన తీసేస్తారు. వేటకు వెళ్ళినవాళ్ళకు, వల కుట్టినవాళ్ళకు, ఇంట్లో మగదిక్కు లేనివాళ్ళకు అది వెళ్తుంది. నేను దాన్ని ఇంకాస్త సాగదీశాను. ఇంజను మెకానిక్కు, తట్టలు మోసేవాళ్ళకు, ఐసు ప్లాంటు ఆపరేటరుకు కూడా కూర పంపేవాణ్ణి. ఇది లంచం కాదా అని అడిగినవాళ్ళున్నారు. లంచం పని పడ్డ రోజు ఇస్తారు. మా కూర ఏ పనీ లేని రోజున వెళ్ళేది. పట్టుకెళ్ళినవాడు గుమ్మంలో కాసేపు నిలబడి, ఎవరికి జ్వరం, ఎవరికి పెళ్ళి కుదిరింది, అన్నీ విని వచ్చి నాకు చెప్పేవాడు.

ఆ ఐసు ఆపరేటరు బెంగాలీ. ఇల్లు ఫెర్రీ దాటి అవతల, బాంబూఫ్లాట్‌లో. నా మీసం నల్లగా ఉన్న రోజుల నుంచీ స్నేహం. అతని భార్యకు పండుగప్ప తలకాయ పప్పులో వేసి వండటమంటే ప్రాణం. అందుకని పెద్ద పండుగప్ప ఎప్పుడు పడినా తల మాత్రం అమ్మేవాణ్ణి కాదు, ఎవరెంత అడిగినా. కరెంటు దెబ్బతిని ఊరంతా ఐసు కోసం కొట్టుకునే రోజుల్లో మా దిమ్మలు మాకు పక్కన పెట్టి ఉండేవి. నేను అడిగిందీ లేదు, అతను చెప్పిందీ లేదు.

మొన్నటి వానల్లో మళ్ళీ అలాంటి రోజులు వచ్చాయి. ఐసు సగమే తయారవుతోంది. సరిగ్గా అప్పుడే మా పడవకు కడుపు నిండా వంజరం పడింది. మర్నాడు విమానంలో చెన్నై వెళ్ళాలి. ఆ చెన్నై వ్యాపారి నేను కష్టపడి సంపాదించుకున్నవాడు. ఒక్కసారి మెత్తబడ్డ చేప చూశాడంటే ఇక మా ఫోను ఎత్తడు. మేనల్లుడు తన నెట్‌వర్క్ గ్రూపులో ఐసు కావాలని పెట్టాడు. ఇద్దరు ముగ్గురు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. కోల్డ్ స్టోరేజీ ఆయన, సోమవారం ఆఫీసుకు మెయిల్ పంపమన్నాడు. అది శనివారం.

అప్పుడొచ్చాడు మేనల్లుడు నా దగ్గరికి.

"మావయ్యా, ఐసు ఎక్కడా నేదు. నీ బెంగాలీ దాదాకి ఓ మాట సెప్పు."

"నువ్వే సెప్పు. కూర ఎల్తోంది కదా ఆ ఇంటికి."

అతను ఫోను వంక చూసుకున్నాడు. "అది బంద్ చేసీసి చాలా రోజులైంది మావయ్యా. ఫెర్రీ ఎక్కి ఎల్లడం, రావడం, ఒక మనిషికి సగం పూట వేస్ట్. ఫోన్ చేస్తే ప్లాంటోళ్ళు ఐసు పంపుతున్నారు కదా, మరింకెందుకని..."

"నాకెందుకు సెప్పనేదు?"

"నువ్వు గుస్సా అవుతావని."

"ఇప్పుడు ముద్దు పెట్టుకుంటాననుకున్నావా?"

దాదా డ్యూటీకి రావట్లేదని మాత్రం ఆమధ్యెప్పుడో ప్లాంటువాళ్ళు చెప్పారట. పోనీ, ఇంట్లో ఉన్నా అతని మాట చెల్లుతుంది, ప్లాంటులోని కొత్త కుర్రాళ్ళకు పని నేర్పింది అతనే కదా అనుకున్నాను. ఇన్నాళ్ళూ కూర మానేసి, అవసరం పడిందని కబురు పెట్టే మొహం నాకు లేదు. డబ్బాలో ఒక పండుగప్ప తల ఉంటే సంచిలో వేయించుకుని, మా డిగ్నాబాద్ నుంచి ఆటోలో చాతం వెళ్ళి ఫెర్రీ ఎక్కాను. దారంతా, ఇన్నాళ్ళూ రానందుకు మోకాళ్ళ కథ ఎలా మొదలుపెట్టాలా అని కూడబలుక్కుంటూనే ఉన్నాను.

తలుపు తీసింది అతని భార్య. తెల్లచీర. చేతులకు శంఖు గాజులు లేవు, పాపిట్లో సిందూరం లేదు. నన్ను చూసి ద్వారబంధం పట్టుకుంది.

"దాదా? మీరు... బతికే ఉన్నారా?"

ఆ ప్రశ్న నేను అడగాల్సింది. ఆమె హిందీలో, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది. చాలాకాలం మంచంలో ఉన్నాడట. పోయి ఇంకా నెల తిరగలేదట.

"రోజూ అడిగేవాడు, డిగ్నాబాద్ నుంచి ఎవరైనా వచ్చారా అని. ఒకరోజు తనే అన్నాడు. 'తెలుగు భాయ్ బతికుంటే నా ఇంటికి కూర రాకుండా ఉండదు. పోయాడు పాపం. నాకు కబురు చెప్పే దిక్కు కూడా లేదు' అని. ఆ పూట అన్నం ముట్టలేదు."

సంచి లోంచి నీళ్ళు గుమ్మంలో కారుతున్నాయి. ఎక్కడి నుంచో పిల్లి వచ్చింది.

"తలకాయేనా?" అంది ఆమె.

"అవును భాభీ."

"నాకిక చేప లేదు దాదా. మాలో భర్త పోయినవాళ్ళకు అంతే. వెనక్కి తీసుకెళ్ళండి, ఏమీ అనుకోకండి."

టీ ఇచ్చింది. తాగుతుంటే అడిగింది, "ఏమైనా పని మీద వచ్చారా?"

ఐసు సంగతి ఒక్క మాట అంటే చాలు. ఆమె ప్లాంటుకు ఫోను చేయించేది, వాళ్ళు కాదనేవారు కాదు. ఆ సంగతి నాకు తెలుసు.

"లేదు భాభీ. ఊరికే, చూసి పోదామని."

తిరుగు ఫెర్రీలో సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే పక్కవాళ్ళు ముక్కులు మూసుకుని జరిగారు. చాతం జెట్టీ మీద మేనల్లుడు బండితో కాచుకుని ఉన్నాడు.

"ఏటైంది మావయ్యా? ఇస్తాడా?"

"పోయాడు."

"అరెరె. మరిప్పుడు ఆ సీట్లో ఎవరున్నారట? నంబరేమైనా తెచ్చావా?"

సంచి అతని చేతిలో పెట్టి ఆటో పిలిచాను.

వంజరం మర్నాటికి మెత్తబడింది. ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళు వచ్చి తట్టలకెత్తారు. ఆ వానల్లో ఎండదని వాళ్ళకూ తెలుసు. చెన్నై వ్యాపారి ఆ తర్వాత మా ఫోను ఎత్తలేదు. మేనల్లుడు మాత్రం దాదా పోయిన సంగతి తన గ్రూపులో పెట్టాడు. పేరు తెలియక 'సీనియర్ ఐసు ఆపరేటర్' అని రాశాడు. రాత్రి భోజనాల దగ్గర ఫోను నా కంచం పక్కన పెట్టి చూపించాడు. తెర నిండా చేతులు జోడించిన బొమ్మలు.

"చూడు మావయ్యా, ఎంతమంది రెస్పాన్స్ ఇచ్చారో."