ఇటుక గోడ మీద ఇటుక కాగితం

"ఇటుక గోడ మీద ఇటుక బొమ్మల కాగితం అంటిస్తవా? నవ్వుతరు" అన్నాను.

"గదే ఇప్పటి ఫ్యాషనమ్మా, నీకు తెల్వదు" అన్నాడు నా కొడుకు, చంకలో కాగితపు చుట్ట పెట్టుకుని. "రేపు పిల్ల తరఫోళ్లు ఇల్లు చూడనీకి వస్తున్నరు. ఈ సున్నం గోడ చూసి ఏమనుకుంటరు?"

"గోడ ఉన్నదనుకుంటరు."

"ఒక్కసారన్నా నా మాట వినవే."

"నీ మాట వినే కదా, టీవీ కోసం గోడల ఉన్న దేవుని గూడు మూసినం. దేవుడు జాగ లేక ఫ్రిజ్ మీద కూసున్నడు."

మాలో పిల్లనిచ్చే ముందు ఆడపిల్లవాళ్లు వచ్చి ఇల్లు చూసి పోతారు. నచ్చకపోతే 'కబురు చేస్తం' అంటారు, ఆ కబురు మళ్లీ రాదు. మా మనవడికి అంతకుముందు వచ్చిన సంబంధం అట్లాగే పోయింది. దానికి కారణం ఈ గోడేనని కొడుకు తేల్చుకున్నాడు. ఇప్పుడు వచ్చేది సంతోష్‌నగర్ వాళ్లు. అందుకే కొడుకు నయాపూల్ దాకా పోయి కాగితం తెచ్చాడు.

నేను మూడో తరగతి దాటలేదు కానీ ఇళ్లు మాత్రం చాలా చూశాను. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారికి ఎనిమిది బర్రెలు. పాలు పోయడానికి గడపగడపకూ తిరిగాను. నవాబుల కాలం నాటి ఒక పాత దేవిడీలో నడుమ వాకిలి, చుట్టూ కమాన్లు. మండుటెండలో పోయినా కాళ్ల కింద బండలు చల్లగా ఉండేవి. ఆ ఇంటి గోడకు ఒక్క పటం ఉండేది కాదు. సర్కారు క్వార్టర్లో ఒక క్రైస్తవుల ఇల్లు, ఉన్నది ఒకటే గది. ఎర్రగచ్చు నేల ముఖం చూసుకునేటట్టు తుడిచేవాళ్లు. బల్ల మీద ఆ ఇల్లాలు చేత్తో అల్లిన గుడ్డ. రెండూ నాకు నచ్చిన ఇళ్లే. ఏదీ పక్కింటి వేషం వేయలేదు.

ఇప్పటి ఇళ్ల సంగతి చెప్పనక్కరలేదు. కూర్చుంటే లేవలేని సోఫాలు. చీపురు అందని సీలింగులు. గుడ్డతో చేసిన పూలు పెట్టి, నీళ్లు పోసే పని లేదని గొప్పలు. నీళ్లు పోసే పని లేదు, నెలకోసారి సబ్బుతో ఉతికే పని ఉంది.

మా గోడ లోపల ఉన్నది నిజంగా ఇటుకే. దాని మీద ఏటా బోనాలకు ముందు నేను వేసే సున్నం. నానబెట్టి, చిటికెడు నీలిమందు కలిపి నా చేత్తోనే వేస్తాను. ఆనుకుంటే వీపుకు అంటుతుంది, ఆ మాట నిజమే.

"సున్నం మీద ఏదీ నిలవదు బిడ్డా. పొడి రాలుతది" అన్నాను.

"దీనికి ఎన్క మస్తు గమ్ముంది."

"గమ్ము కాగితానికుంది. గోడకు లేదు."

కోడలు నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి పోయింది. కొడుకు నవ్వలేదు. స్టూలు ఎక్కబోతూ ఆగి, "పోయినసారి వాళ్లు మెట్లు దిగుకుంట పాత కొంప అన్నరమ్మా. నేను ఇన్న" అన్నాడు.

ఆ సంగతి నాకు ఇంతవరకు చెప్పలేదు. నేను పోయి స్టూలు పట్టుకున్నాను. సాయంత్రానికి గోడ ఎర్రగా అయింది. దూరం నుంచి చూస్తే ఇటుకలాగే ఉంది.

తెల్లారి లేచేసరికి కాగితం పైనుంచి ఊడి దివాన్ మీద బోర్లా పడి ఉంది. దాంతోపాటు సున్నం పెచ్చులు లేచి, ఎప్పటివో పచ్చ రంగు, గులాబీ రంగు బయటపడ్డాయి. పది గంటలకు వస్తామన్నవాళ్లు తొమ్మిదికే దిగారు. అప్పటికి మా కొడుకు స్టూలెక్కి రెండు చేతులతో కాగితాన్ని గోడకు అదిమి పట్టుకుని ఉన్నాడు. దిగలేక, అక్కడినుంచే "రండ్రి, కూసోండ్రి" అన్నాడు.

పిల్ల నాయనమ్మ కూర్చోలేదు. గోడ వైపు ఒక్కసారి చూసి నా దగ్గరకు వచ్చింది.

"నల్లా నీళ్లు ఎప్పుడొస్తయక్కా?"

"దినం తప్పి దినం. పొద్దుగాల్నే."

"సంపు ఉన్నదా?"

చూపించాను. మూత తీయించి వంగి చూసింది. స్నానాల గది చూసింది, బట్టలు ఆరేసే జాగ చూసింది, వంటింటి కిటికీ తెరిచి గాలి చూసింది. మగవాళ్లు చాయ్ తాగారు. పోయేటప్పుడు ఆమె గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వచ్చే ఐతారం నాడు మీరు గూడ మా ఇంటికి రండ్రి" అన్నది.

వాళ్లు పోయాక కొడుకు కాగితాన్ని చుట్టి బయట పారేయబోతే లాక్కున్నాను. కత్తిరించి వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచాను.