నులిపురుగు పొడవు

నలభై రెండేళ్ళ వయసులో డి.ఎడ్. చదవడానికి వెళ్ళాను. మొదటి రోజు తరగతిలో అడుగు పెట్టగానే అందరూ నన్ను లెక్చరర్ అనుకొని లేచి నిలబడ్డారు. నేనూ కాదనలేదు. హాజరు పట్టీ తెరిచి నాలుగు పేర్లు పిలిచాక అసలు లెక్చరర్ వచ్చాడు. అప్పుడు కూడా నవ్వొచ్చిందే తప్ప భయం వేయలేదు. భయమంటే ఏమిటో ఆ తర్వాతి ఆగస్టులో, ఒకటో తరగతి పిల్లల ముందు తెలిసింది.

టీచింగ్ ప్రాక్టీసుకు నాకు పడిన బడి ఇల్లందు దాటాక, భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఉంది. రెండు గదులు, ఒక బోరింగు, చుట్టూ పత్తి చేలు, వాటి వెనక టేకు చెట్లు. ఉన్నది ఒక్క సారు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. ‘అక్కా’ అనడానికి హోదా అడ్డొచ్చి, ఒట్టి ‘మేడం’ అనడానికి నా విద్యార్థి పదవి అడ్డొచ్చి, ‘ఏమ్మా మేడం’ అనేవాడు. పై తరగతులు తాను పెట్టుకొని, ఒకటీ రెండూ నాకు అప్పగించాడు. కలిపి పంతొమ్మిది మంది. ఇళ్ళలో కోయ మాట్లాడతారు, బడిలో నాతో తెలుగు.

ఆ రోజు నులిపురుగుల మాత్రలు ఇచ్చే రోజు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కొక్కరికి ఒకటి నమిలించాలి. ఒకటో తరగతిలో ఒక పిల్లాడు మాత్రను చూసి సూది అనుకున్నట్టు ఏడుపు అందుకున్నాడు. వాడిని చూసి మిగతావాళ్ళు పెదవులు బిగించారు.

“ఏమ్మా మేడం, మీవోళ్ళు నోరు తెరుస్తలేరు. ఏదన్న చెప్పి తినిపియ్యుండ్రి” అని సారు పక్క గదిలోకి వెళ్ళాడు.

పాఠ్యపథకంలో మొదటి మెట్టు ఉన్ముఖీకరణ. పాఠంలోకి దిగే ముందు పిల్లల మనసును అటు తిప్పడం అన్నమాట. మిగతా మెట్లలో నాకు మార్కులు అంతంత మాత్రమే. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఎవరూ నన్ను ఆపలేకపోయారు.

“మీ కడుపుల పురుగున్నది. ఎంత పొడుగో ఎర్కనా?” అని స్కిప్పింగ్ తాడు తీశాను. ఒక కొస మొదటి వరుస పిల్లాడి చేతికిచ్చి నడవమన్నాను. వాడు గుమ్మం దగ్గర ఆగాడు. “ఇంక పో” అన్నాను. తాడు అయిపోయింది. “తాడు సాలదు. బోరింగు దాక ఉంటది. చుట్టలు చుట్టుకొని పండుకుంటది. మీరు గుడ్డు నోట్ల పెట్టుకోంగనే కింద అది నోరు తెరుస్తది. సగం గుడ్డు దానిదే.”

“నాది మొత్తం తింటున్నది టీచర్” అన్నాడు ఒకడు కడుపు పట్టుకొని. “నాకు ఎప్పుడు జూసినా ఆకలే.”

“ఈ గోలి కట్టె పట్టుకొని లోపలికి పోతది. కొడితే అది ఒక్క దెబ్బకు సస్తది.”

చివర కూర్చున్న రెండు జడల పిల్ల అడిగింది. “సంటిపిల్లల కడుపుల గుడ ఉంటదా?”

“వాళ్ళ కడుపులనే పెద్దగుంటది. పొట్టలు ఎట్ల ఉబ్బుంటయ్యో సూడలే?” అన్నాను. ఆ మాట అనాల్సిన అవసరమే లేదు. కథ మంచి ఊపులో ఉంది, నోరు ఆగలేదు.

నోళ్ళన్నీ తెరుచుకున్నాయి. పదహారు మందీ కరకరా నమిలారు. రానివాళ్ళు ముగ్గురు. వాళ్ళ మూడు మాత్రలూ పట్టీలో అలాగే ఉంచి బల్ల మీద పెట్టి, రిజిస్టర్‌లో సంతకానికి సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన టీ పోయించాడు. పిల్లల్ని బాగా తిప్పుకున్నారని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వింటూ ఇంకో గుక్క, ఇంకో గుక్క తాగాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద పట్టీ లేదు.

“గోలీలు ఎవరు తీసిండ్రు?”

నాలుగైదు చేతులు లేచాయి. తర్వాత అన్నీ లేచాయి.

“నేను తిన్న టీచర్!”

“నేను రెండు తిన్న. నా పురుగు సచ్చింది!”

“వాడు దొంగమాటలు సెప్తుండు టీచర్, నేను తిన్న, నాలుగు!”

పట్టీలో ఉన్నవి మూడే. తిన్నవాళ్ళు మాత్రం గదినిండా ఉన్నారు. పురుగును చంపిన గొప్పను వదులుకోవడానికి ఒక్కరూ సిద్ధంగా లేరు. ఒక్కొక్కరి నోరు తెరిపించి నాలుక చూశాను. అందరివీ ఒకేలా ఉన్నాయి. నోళ్ళు చూశానే తప్ప తలలు లెక్కపెట్టలేదు.

అప్పుడు సారు గుమ్మంలోకి వచ్చి, “మిగిలినయ్ ఇటియ్యుండ్రి, లోపల పెడ్త” అన్నాడు.

“కోతి ఎత్తుకపోయింది సార్” అన్నాను. నా నోటికి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. కిటికీకి ఊచ ఒకటి ఊడి ఉండటం కలిసొచ్చింది. పిల్లలంతా కిటికీ వైపు తిరిగి, కోతిని చూసినట్టే తలలూపారు.

“పోనీ. దానికన్నా పురుగులు పోతయ్” అని నవ్వి వెళ్ళిపోయాడు.

పలకలు తీయించాను. బోర్డు మీద ‘అ’, ‘ఆ’ రాశాను. వెనక్కి తిరిగితే చివరి వరుసలో సంచి ఉంది, రెండు జడల పిల్ల లేదు.

“ఇదేడికి పోయింది?”

పక్కన కూర్చున్న పిల్ల పలక మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. “ఇంటికి. తమ్ముని పురుగును సంపొస్తనన్నది.”

“తమ్ముడు ఎంతుంటడు?”

ఆ పిల్ల రెండు చేతులూ ఒక సొరకాయంత ఎడంగా పెట్టి చూపించింది.

పక్క గదికి పరుగెత్తాను. “సార్, కోతి రాలేదు” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. తాడు, బోరింగు, ఉబ్బిన పొట్టల సంగతి, అన్నీ. చెబుతున్నకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది.

“ఆ పిలగానికి ఏడు నెలలు నిండలే. పండ్లు గుడ లేవు. గొంతుల ఇరుక్కుంటే?” అంటూనే బండి తాళం తీసుకున్నాడు. “అది పోయి మీరు టీ తాగినంత సేపు అయ్యింది. కోతి గురించి నేను నవ్వినంత సేపు అయ్యింది. జల్దీ ఎక్కుండ్రి!”

వంట చేసే ఆమెను పిల్లల దగ్గర కూర్చోబెట్టి బయలుదేరాం. రెండు రోజులుగా వాన. బాట బురద. వెనక కూర్చున్న నాకు ప్రతి మలుపులోనూ ఒక చిన్న నోరు తెల్లటి బిళ్ళతో కనబడుతోంది. వాళ్ళ ఇంటికి ఇవతలి వాగు దగ్గర బండి ఆపి నీళ్ళలోకి దిగాం. మోకాలి లోతు నీళ్ళు. ఆ పిల్ల ఎత్తుకు నడుము దాకా వస్తాయి. దాటిందా లేదా అన్న ఆలోచన అప్పుడు మొదలైంది. అంతవరకూ తమ్ముడి కోసమే భయపడ్డాను. ఇక ఇద్దరి కోసం. అవతలి ఒడ్డున బురదలో చిన్న అడుగులు కనబడితే దండం పెట్టుకోబోయాను. ఈ ప్రమాదం తెచ్చిందాన్ని నేనే, ఎవరికని పెట్టను?

ఇంటి ముందు ముసలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెవులు సరిగా వినబడవు. సారు గట్టిగా అడిగితే కోయలో ఏదో అని, చేత్తో ఇంటి వెనక్కి చూపించింది. లోపల చీర ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది. దాని కింద మాత్రల పట్టీ పడి ఉంది. మూడు గుంటలూ చినిగి ఉన్నాయి.

పరుగెత్తాను. పత్తి సాళ్ళ మధ్య ఆ పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకొని కూర్చొని ఉంది. బండి చప్పుడు విని దాక్కుందట. పిల్లవాడి తల దాని భుజం మీద వాలి ఉంది. కదలడం లేదు.

లాక్కున్నాను. మూతి చుట్టూ తెల్లగా ఉంది. వేలు నోట్లో పెట్టి తిప్పాను. ఇరుక్కున్నది ఏదీ తగల్లేదు, జిగురు తగిలింది. అప్పుడు నిద్ర చెడిన కోపంతో వాడు నా వేలును చిగుళ్ళతో కొరికి గుక్కపెట్టి ఏడ్చాడు. అంత ఏడుపు విని సంతోషించిన దాన్ని నేనొక్కదాన్నేనేమో.

“ఎన్ని పెట్టినవ్ బిడ్డా?”

“మూడు.” నా ముఖం చూసింది. “రెండు.” మళ్ళీ చూసింది. “ఒకటి.” చివరికి “పెట్టలే టీచర్” అంది.

ఏ అంకె చెబితే నేను కొట్టనో వెతుకుతోంది. ఇంకోసారి అడగడానికి ధైర్యం చాలలేదు.

పిల్లలిద్దర్నీ తీసుకొని పక్క ఊరి సబ్ సెంటర్‌కు వెళ్ళాం. నర్సమ్మ పిల్లవాడి ఛాతీ మీద చెవి పెట్టి విని, కళ్ళు విప్పి చూసింది. “ఏడాది నిండనోళ్ళకు ఇయ్యనే ఇయ్యరాదు గదమ్మా. ఎన్ని మింగిండు?” అంది.

“తెల్వదు.”

“తెల్వదంటే ఎట్ల? డాక్టర్‌కు ఏమని చెప్పాలె?”

ఫోన్ చేసింది. ఎన్ని మింగాడో తెలిస్తే చెప్పమన్నారు. లేదంటే పెద్ద దవాఖానాకు తీసుకెళ్ళడానికి బండి పంపుతామన్నారు. పిల్లవాడు బల్ల మీద కాళ్ళు ఆడిస్తున్నాడు. వాడి కాలు ఆగినప్పుడల్లా నా ఊపిరి ఆగుతోంది.

నాట్లు వేస్తున్న తల్లికి ఎవరో కబురు చెప్పారు. పిక్కల దాకా బురదతో వచ్చి గుమ్మంలో నిలబడింది. సారు నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు. “పిల్ల తెలియక ఎత్తుకపోయిందని చెప్పుండ్రి. అది అబద్ధం కాదు గద.”

కాదు. నా రికార్డు కూడా చెడదు. ఆ వాక్యం నాలుక దాకా వచ్చింది. తల్లి మాత్రం నన్ను చూడటం లేదు, గోడకు అతుక్కున్న కూతుర్ని చూస్తోంది. చెయ్యి అప్పటికే లేస్తోంది.

“పిల్లను కొట్టకమ్మా. సంటిపిల్లల కడుపుల పెద్ద పురుగుంటదని నేనే చెప్పిన. గోలీలు బల్ల మీద నేనే పెట్టిపోయిన. పోయినయని తెలిసినంక సారుకు కోతి పేరు నేనే చెప్పిన” అన్నాను.

ఆమె చెయ్యి దిగింది. నా వంక ఒక్కసారి చూసి, కూతురి ముందు గొంతుక్కూర్చొని కోయలో రెండు ముక్కలు అడిగింది. పిల్ల చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు.

“ఒకటి రాయితోని నూరి నీళ్లల్ల కలిపిందట” అంది తల్లి నర్సమ్మతో. “వేలుతోని రెండుసార్లు వాని నోట్ల పెట్టిందట. వాడు ఉమ్మేసిండు. మిగిలింది పారబోసింది. ఒకటి ఇదే తిన్నది, వాడు భయపడకుంటనట. ఇంకోటి ఆడనే మట్టిల పడ్డదట.”

నర్సమ్మ ఆ మాటలే ఫోన్‌లో చెప్పింది. సాయంత్రం దాకా ఇక్కడే కనిపెట్టి ఉండమన్నారు. ఉన్నాం. నాలుగింటికి పిల్లవాడు పాలు తాగి, తాగింది నిలుపుకొని, నర్సమ్మ పెన్ను గుంజుకున్నాడు. అప్పుడుగానీ ఆమె “ఇంక తీస్కపో” అనలేదు.

వెళ్ళేముందు తల్లి నా దగ్గర ఆగింది. “పంతులమ్మా, గంత పొడుగు పురుగు లేదని రేపు బళ్ళె నువ్వే చెప్పు. నేను చెప్తే అది ఇనదు. మా టీచరే తాడు పెట్టి సూపిచ్చిందంటది.”

మర్నాడు చెప్పాను. బోర్డు ముందు నిలబడి, “పురుగులు సన్నగ, చిన్నగ ఉంటయ్. బోరింగు దాక ఉండయ్. నిన్న నేను అబద్ధం చెప్పిన” అన్నాను.

“సచ్చినంక చిన్నగయ్యింది లే టీచర్” అని ఒకడు నన్ను ఓదార్చాడు.

రెండు జడల పిల్ల నవ్వలేదు. నన్నూ, నా వెనక బోర్డునూ చూసింది. నిన్న రాసిన అక్షరాలు ఎవరూ తుడవలేదు.

“మరి గవి టీచర్?” అంది వేలు పెట్టి. “గవి గుడ అబద్ధమేనా?”

“కాదు బిడ్డా. గవి నిజం.”

నా మాటతో ఆ పిల్ల ఆగలేదు. పక్క పిల్ల వైపు వంగి కోయలో ఏదో అడిగింది. పక్క పిల్ల కొంచెం ఆలోచించింది. నేను సుద్దముక్క పట్టుకొని వాళ్ళ తీర్పు కోసం నిలబడ్డాను. చివరికి పక్క పిల్ల ఔనన్నట్టు తల ఊపాక, రెండు జడల పిల్ల సంచిలోంచి పలక తీసింది.