పూజలో పెట్టిన రైఫిల్

2018 వేసవిలో నేను ఐర్లండ్‌లోని లిమరిక్ నగరానికి కాస్త అవతల, ఒక చిన్న ఊళ్ళోని తుపాకుల దుకాణంలో గన్‌స్మిత్‌గా పనిచేస్తున్నాను. గన్‌స్మిత్ అంటే తుపాకులు మరమ్మతు చేసేవాడు, కొన్నవాడి భుజానికి సరిపోయేలా సరిచేసేవాడు. అమ్మే అధికారం లైసెన్సు ఉన్న డీలరుది, అంటే మా యజమాని టామ్‌ది. అమ్మిన తుపాకీని వాడడం నేర్పి అప్పగించే పని మాత్రం నాది. అంతకుముందు ఇండియాలో ఒక ఆయుధ కర్మాగారంలో తనిఖీ విభాగంలో చేశాను. మా ఆవిడకి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాలే వచ్చేశాను.

ఈ దేశంలో మనవాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉంటారు, మందుల ఫ్యాక్టరీల్లో ఉంటారు. తుపాకులతో పనిచేసే తెలుగువాడు నాకు తెలిసి నేనొక్కణ్ణే. అందుకని ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, పప్పు వడ్డించేలోపే ఎవరో ఒకరు "అంకుల్, ఇక్కడ మనం తుపాకీ కొనుక్కోవచ్చా?" అని మొదలుపెట్టేవారు. "కొనుక్కోవచ్చు, ముందు ఆ నెయ్యి ఇటివ్వు" అనేవాణ్ణి. అలా అడిగి ఊరుకోకుండా నిజంగా దుకాణం దాకా వచ్చినవాడు కిరణ్.

కిరణ్‌ది తెనాలి. మందుల ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీరు. ఊరి బయట ఇల్లు కొనుక్కుని, భార్యతో, ఇద్దరు పిల్లలతో ఉండేవాడు. వాళ్ళ పెరటిని ఆనుకునే మైకేల్ అనే రైతు పొలం. మైకేల్ పెద్దవాడైపోయాడు, భుజం నొప్పి, కుందేళ్ళేమో బార్లీ మొలకల్ని బతకనివ్వడం లేదు. "నువ్వు లైసెన్సు తెచ్చుకో, నా పొలంలో వేటకి అనుమతి నేనిస్తాను" అన్నాడట. ఈ దేశంలో తుపాకీకి సరైన కారణం చూపించాలి. పొలం యజమాని అనుమతి అలాంటి కారణమే.

కిరణ్‌కి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కావాలి. ఆ మాట వినగానే చాలామంది యుద్ధాలు ఊహించుకుంటారు గానీ, సంగతి అంత లేదు. బోల్టు రైఫిల్‌లో ఒక గుండు పేల్చాక, మనమే బోల్టు అనే కడ్డీని వెనక్కి లాగి, ముందుకు తోసి, తరువాతి తూటాని గొట్టం మొదట్లో ఉండే చాంబర్ అనే గూట్లోకి ఎక్కించాలి. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని పేలిన గుండు ఊపుకి దానంతట అదే జరిగిపోతుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటే పేలుతుంది. ఐర్లండ్‌లో పెద్ద తూటాలు పేల్చే సెమీ ఆటోమేటిక్‌లకి కొత్తగా లైసెన్సులు ఇవ్వరు. కుందేళ్ళకి వాడే పాయింట్ టూ టూ అనే చిన్న తూటా రకానికే, అదీ పది తూటాలకి మించి పట్టని డబ్బీ, అంటే మ్యాగజైన్, ఉంటేనే, మామూలు లైసెన్సు దొరుకుతుంది.

మొదటి తుపాకీగా బోల్టు రైఫిలే తీసుకోమని నా సలహా. కిరణ్ నవ్వాడు.

"బోల్టు లాగి రెండో దెబ్బ వేసేలోపు కుందేలు గాల్వే ఊరిదాకా పోతుందంకుల్."

"మొదటి దెబ్బ తిన్నగా వెయ్యి నాయనా, రెండోదాంతో పనేముంది?" అన్నాను.

వినలేదు. వినకపోవడం కొనేవాడి హక్కు. అయితే సెమీ ఆటోమేటిక్‌లోనే సరైనది ఎంచుకోవాలని బల్ల మీద మూడు పెట్టాను. కిరణ్ చెయ్యి నేరుగా నల్లటిదాని మీదకి పోయింది. సైనికుల తుపాకీలా కనిపించే రూపమైతే ఇక్కడ నిబంధనలు వేరు, అనుమతులు కఠినం, అది నీకు అనవసరపు తద్దినం అని పక్కన పెట్టించాను. మిగిలిన రెండింటినీ కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తుకోమన్నాను. కళ్ళు తెరిచినప్పుడు తుపాకీ మీద గురి చూసే దూరదర్శిని అద్దం నిండుగా కనిపిస్తే అది అతని కొలత. మెడ సాచి వెతుక్కోవలసి వస్తే ఎంత ఖరీదైనా దండగే. ఆ తరువాత విడిభాగాలు దొరుకుతాయా, బోల్టుని వెనక్కి లాగి తెరిచి ఉంచే గొళ్ళెం వేళ్ళకి అందుతుందా అని చూడాలి. ఆ గొళ్ళెం విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. బోల్టు తెరిచి ఉన్న తుపాకీ లోపల ఏముందో గదిలో అందరికీ కనిపిస్తుంది.

చెక్క పిడి ఉన్నదాన్ని ఎంచుకున్నాడు. మంచిదే ఎంచుకున్నాడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. ఇక్కడ ముందు తుపాకీ ఎంచుకుని, దాని మీద ఉన్న నంబరుతో సహా దరఖాస్తు పెట్టాలి. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఇంటికొచ్చి గోడకి బిగించిన ఇనప సేఫ్ చూసుకున్నారు. సూపరింటెండెంట్ సంతకం అయ్యేదాకా రైఫిల్ మా దుకాణంలోనే ఉంది.

అప్పగించే రోజున మూడు పనులు నేర్పాను. మ్యాగజైన్ తియ్యి. బోల్టు వెనక్కి లాగి గొళ్ళెం వెయ్యి. చాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడుము. ఆ తరువాత నారింజరంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి చాంబర్‌లో దోపాలి. ఇది ఖాళీ అని చూసినవాళ్ళకి దాని అర్థం. మ్యాగజైన్ తీసినంత మాత్రాన సెమీ ఆటోమేటిక్ ఖాళీ అయిపోదని, అది అప్పటికే ఒక తూటాని మింగి కూర్చుని ఉంటుందని పదేపదే చెప్పాను. కిరణ్ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. చేసి చూపించాడు కూడా. నాకు తృప్తిగానే అనిపించింది.

అక్టోబరులో దసరా వచ్చింది. ఇక్కడ పండగ ఏ వారం వచ్చినా చేసుకునేది ఆదివారమే. కిరణ్ వాళ్ళమ్మ అనసూయమ్మగారు అప్పుడే ఇండియానుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ భర్త తెనాలిలో లేత్ వర్క్‌షాపు నడిపినవారు. ఆయుధపూజ నాడు సుత్తి నుంచి డ్రిల్లు దాకా అన్నిటికీ పసుపూ కుంకమా పెట్టి వరసగా పేర్చేవాళ్ళట. ఒకసారి పూజలో పెట్టాక ఉద్వాసన చెప్పేదాకా దేన్నీ కదపకూడదు. మధ్యలో స్పానర్ కావలసివస్తే పక్కషాపులో అడిగి తెచ్చుకునేవాళ్ళట. కొడుకు ఇంట్లో నిజమైన ఆయుధమే ఉందని తెలిసి ఆవిడకి ఎంత సంబరమో! మమ్మల్ని కూడా భోజనానికి పిలిచారు.

మేం వెళ్ళేసరికి పదకొండు దాటింది. పిల్లలు పెరట్లో ఆడుకుంటున్నారు. హాల్లో పీట మీద అమ్మవారి పటం, దాని ముందు ఎర్రగుడ్డ పరిచి కిరణ్ లాప్‌టాప్, కారు తాళాలు, కూరగాయల కత్తి, వాటి మధ్య అడ్డంగా రైఫిల్. పిడికి గంధం, గొట్టానికి బంతిపూల దండ. తీసిన మ్యాగజైన్ పక్కనే ఉంది, దానికీ బొట్టు. అనసూయమ్మగారు సరిగ్గా గొట్టం చివర పీట వేసుకుని కూర్చున్నారు.

ముప్ఫై ఏళ్ళు తనిఖీ చేసినవాడి కన్ను పూల మీదకి పోదు. బోల్టు మూసి ఉంది. నారింజరంగు ముక్క లేదు.

"ఖాళీ చేశావా?" అని కిరణ్‌ని అడిగాను.

"మ్యాగజైన్ తీసేశానంకుల్."

నేనడిగినదానికి అది జవాబు కాదు. సంగతేమిటంటే, పూజకి ముందు గురి సరిచూసుకుందామని పొద్దున్నే మైకేల్ పొలంలో కాగితం మీద కొన్ని గుళ్ళు పేల్చాడట. మధ్యలో వాన దంచి కొట్టడంతో, ఇంటికెళ్ళి ఖాళీ చేసి శుభ్రం చేద్దామనుకుని, మ్యాగజైన్ మాత్రం లాగేసి పరుగున వచ్చాడు. గుమ్మంలోనే వాళ్ళమ్మ, "వేళ మించిపోతోంది, కాళ్ళు కడుక్కుని దాన్నిలా పెట్టరా" అంది. తడి తుడిచి పెట్టాడు. ఆవిడ బొట్టు పెట్టేసింది. ఇక ముట్టుకోవడానికి లేదు.

నేను చూడాలి అన్నాను. అనసూయమ్మగారు మర్యాదగానే, "పూజలో పెట్టింది కదపకూడదండీ. హారతి అవనివ్వండి, మీ ఇష్టం వచ్చినట్టు చూసుకోండి" అన్నారు. కిరణ్ మొహమాటంగా నవ్వాడు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగింది. నాది ఎప్పుడూ ఉండే చాదస్తమే అనుకుంది పాపం. పండగపూట, పరాయింట్లో, పెద్దావిడ మాట కాదని పూజలో చెయ్యి పెట్టడం నాకు మాత్రం సరదానా? ఒక్క నిమిషం నేనూ తటపటాయించాను. ఈలోగా ఆవిడ వేలికి కుంకం అద్దుకుని, గొట్టం నోటికి బొట్టు పెట్టడానికి ముందుకి వంగారు.

"అమ్మా! ముందు మీరక్కణ్ణించి లేవండి!" అని అరిచాను.

అంత గట్టిగా అరుస్తానని నేనే అనుకోలేదు. ఆవిడ బిత్తరపోయి లేచారు. నేను దండ తప్పించి, గొట్టాన్ని ఎవరూ లేని మూలకి, నేలవైపు తిప్పి, బోల్టు లాగాను. తూటా ఎగిరి అక్షింతల పళ్ళెంలో పడింది.

పేలిపోయిన ఖాళీ తొడుగు కాదు. నిండు తూటా. పసుపు బియ్యంలో మెరుస్తూ ఉండిపోయింది. చెయ్యవలసిన పని కనక మళ్ళీ చాంబర్‌లోకి చూశాను, చిటికెన వేలు పెట్టి తడిమాను.

ముందు తేరుకున్నది అనసూయమ్మగారే. "ఇంతసేపూ అది లోపలే ఉందిట్రా?" అని కొడుకుని అడిగారు. కిరణ్ అక్కడే చతికిలబడి, "అమ్మా... నీకేమైనా అయ్యుంటే..." అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కోపమో భయమో, ఆవిడ గొంతు మాత్రం గట్టిగా ఉంది. "ఏడుపు తరవాత. పూజ అయిపోయింది, నేను ఉద్వాసన చెప్పేశాను. దాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి తాళం వెయ్యి" అన్నారు. హారతి కూడా ఇవ్వలేదు.

భోజనాల దగ్గర ఎవరూ సరిగా తినలేదు. బయల్దేరేటప్పుడు కిరణ్ కారు దాకా వచ్చి, గార్డులకి చెప్తారా అని అడిగాడు. నేను చెప్పనన్నాను, నువ్వే చెప్పడం మంచిదన్నాను. లైసెన్సు పోతుందేమో అన్నాడు. పోతే పోనీ, ఆ పీట మీద కూర్చున్నావిడ ప్రాణాలతో ఉంది కదా అన్నాను. కాస్త కటువుగానే అన్నాను.

సోమవారం తనే స్టేషన్‌కి వెళ్ళి చెప్పాడు. సార్జంట్ ఇంటికొచ్చి అంతా విన్నాడట. "మంచాల కింద పెట్టిన తుపాకుల్ని చూశాను, తలుపు వెనక పెట్టినవి చూశాను, తువ్వాళ్ళు ఆరేసుకునే హాట్ ప్రెస్ అనే వెచ్చటి అల్మారాలో దాచినవీ చూశాను, దేవుడి ముందు పెట్టినదాన్ని చూడడం ఇదే మొదటిసారి" అన్నాడట. నవ్వుతూ అనలేదట. లైసెన్సు రద్దు చెయ్యలేదు. శిక్షణ మళ్ళీ మొదటినుంచి తీసుకునేదాకా రైఫిల్ మా దుకాణంలో పెట్టించారు.

తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున, దీని బదులు బోల్టు రైఫిల్ ఇచ్చేయమని కిరణ్ అడిగాడు. టామ్‌కి అభ్యంతరం లేదు. నేనే వద్దన్నాను. తుపాకీ మార్చినంత మాత్రాన మనిషి మారడని, తన తప్పు తెలిసిన తుపాకీతోనే జాగ్రత్త బాగా అలవడుతుందని చెప్పాను. ఆ మరుసటి దసరాకి రైఫిల్ సేఫ్ లోపలే ఉంది. అనసూయమ్మగారు తెనాలినుంచి వీడియోలో చూస్తూ, "వేలు పెట్టి చూశావా?" అని అడిగాకే సేఫ్ తలుపుకి బొట్టు పెట్టనిచ్చారట.

కిరణ్‌కి మూడు పనులూ తెలుసు. మతిమరుపు మనిషీ కాడు, నిర్లక్ష్యం మనిషీ కాడు. మొదటి పనికీ రెండో పనికీ మధ్య వాన వచ్చింది, ఆ తరువాత అమ్మ పిలిచింది. మన ఇళ్ళల్లో అమ్మ పిలిస్తే, అందులోనూ దేవుడి పేరు చెప్పి పిలిస్తే, చేతిలో పని ఎంతటిదైనా ఆపేస్తాం. అది మంచి పెంపకమే. కానీ బోల్టుకి పెంపకం తెలియదు. నేను నేర్పిందంతా నిశ్శబ్దంగా ఉన్న గదిలో నేర్పాను. ఇళ్ళు అలా ఉండవు.

అందుకని రిటైరయ్యేదాకా నా పద్ధతి మార్చుకున్నాను. మొదటిసారి సెమీ ఆటోమేటిక్ కొన్న ప్రతివాడినీ నా ముందు ఖాళీ చేసి చూపించమనేవాణ్ణి. మ్యాగజైన్ తీసి బోల్టు మీద చెయ్యి వేసే సమయానికి, వెనకనుంచి పేరు పెట్టి గట్టిగా పిలిచేవాణ్ణి. తల తిప్పినవాడికి ఆ రోజు రైఫిల్ ఇచ్చేవాణ్ణి కాదు.