పెనుకొండ అల్లుడు

పెనుకొండలో నబీ రసూల్ ఆటో ఎక్కినవాళ్ళకు కోట ఒక్కటే చూస్తే తీరేది కాదు. బెంగళూరు నుంచి వచ్చి లాడ్జిలో రెండ్రోజులు దిగేవాళ్ళకు గగన్ మహల్, బాబయ్య దర్గా చూపించి, మధ్యాహ్నం తన ఇంట్లో భార్య గౌస్‌బీ వండిన రాగిసంగటి, నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి పెట్టించేవాడు. మనసుకు నచ్చినవాళ్ళనైతే కొండ మీదికి తీసుకుపోయి అల్లుణ్ణి చూపించేవాడు.

అల్లుడంటే రాతి అరలో కాపురముండే పెద్ద గుడ్లగూబ. అమావాస్య పూజలకని గూబల్ని పట్టుకుపోయేవాళ్ళు తిరుగుతుంటారు. అందుకే నలుగురిలో దాని పేరెత్తకుండా మొగుడూ పెళ్ళాం పెట్టుకున్న గుట్టుపేరు అది. పెట్టింది గౌస్‌బీయే. అప్పటికి కూతురు షీరీన్‌కు పెళ్ళైన కొత్త.

"పగలంతా కదల్డు, మెదల్డు. ఎవరొచ్చినా సగం కండ్లు తెరిచి చూస్తాడు. అచ్చం మన కొత్తల్లుడే" అంది.

అసలు అల్లుడు అస్లాం ఆ మాట విని పడీపడీ నవ్వాడు. ధర్మవరంలో ఇళ్ళకు రంగులేసే పని అతనిది. ఎప్పుడు ఫోన్ చేసినా, "మా తమ్ముడు ఎట్లుండాడు మామా?" అనే మొదలుపెట్టేవాడు. కొడుకులు లేని నబీ రసూల్‌కు ఆ మాటతోనే కడుపు నిండేది. ఇద్దరూ కలిసిపోకుండా ఇంట్లో అస్లాంను అస్లామనీ, గూబను అల్లుడనీ అనుకునేవాళ్ళు.

మొన్న వానాకాలంలో ఒక రాత్రి గాలీవానా ఊరిని ఊపేసింది. తెల్లారి, ఏటా వచ్చే సుజాతనూ ఆమె భర్తనూ ఎక్కించుకుని నబీ రసూల్ కొండ కిందికి చేరాడో లేదో గౌస్‌బీ ఫోన్ చేసింది.

"అల్లుడు పైనుంచి పడినాడంటప్పా. బిరీన పో..."

లైన్ తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు. మేకలు కాసేవాళ్ళెవరో చూసి చెప్పుంటారనుకున్నాడు.

"ఏమైందన్నా?" అంది సుజాత.

"గాలికి మనోడు పడినాడంటమ్మా" అంటూనే పరుగందుకున్నాడు.

కొండ మీద సిగ్నల్ ఉండదు. అర కింద పొదలన్నీ చేతుల్తో తోసి వెతికాడు. ముళ్ళు గీరుకున్నా ఆగలేదు. ఎండ ముదిరాక, అవతలి బండ నీడలో కనబడింది గూబ. ఈక చెదరలేదు. సగం కళ్ళు తెరిచి ఆయన్ను చూసింది. నబీ రసూల్ అక్కడే కూలబడి, "బతికించినావు రా నాయనా" అని నవ్వాడు.

దిగుతుండగా ఫోన్‌కు ప్రాణం వచ్చింది. గౌస్‌బీ కాల్స్ వరసగా కనిపించాయి. పాపం ఎంత కంగారు పడిందో అనుకుని తనే చేశాడు.

"దిగులు పడొద్దు. అల్లుడు బాగుండాడు. కండ్లారా చూసినా."



"యాడ చూసినావప్పా?" అంది గౌస్‌బీ. "మన అస్లాం... రంగులేస్తా గోడ మీదినుంచి పడినాడు. అనంతపురం ఆసుపత్రిలో ఇప్పుడే పోయినాడు. మామ వచ్చినాడా, మామ వచ్చినాడా అని అడుగుతానే పోయినాడు."

ఆటోను కొండ కిందే వదిలేశాడు. సుజాత భర్తే లాడ్జి దగ్గరున్న తమ కారు తెచ్చి తీసుకుపోయాడు.

ఆసుపత్రి వరండాలో షీరీన్ నేలమీద కూర్చుని ఉంది. తండ్రిని చూసి లేవలేదు.

"యాడుంటివి నాయనా?"

గౌస్‌బీ అడ్డం వచ్చింది. "ఆటో చెడిపోయిందంటమ్మా."

తండ్రి ప్యాంటు నిండా అంటుకున్న ఉత్తరేణి గింజల వంక చూసింది షీరీన్. గుట్టుపేరు సంగతి ఆమెకూ తెలుసు. ఆ మాట చెప్పి అస్లాం ఎన్నిసార్లు నవ్వించాడో.

"కొండ మీద ఉంటినమ్మా" అన్నాడు నబీ రసూల్. "మీయమ్మ అల్లుడనేసరికి నేను..."

"వద్దు నాయనా." షీరీన్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎవురికీ చెప్పొద్దు. నవ్వుతారు."