‘ఓ మై గాడ్’ గడి

2011. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాణ్ని. మాది తెనాలి. మా దగ్గర ‘ఎక్స్‌ప్రెషన్ షీట్’ అని ఒక కాగితం ఉండేది. అందులో ఇరవై మాటలు: ‘నో ఇష్యూస్’, ‘ఇన్ నో టైమ్’, ‘ఊప్స్’, ‘ఓ మై గాడ్’ లాంటివి. ఇంట్లో, బస్సులో, కూరగాయల బండి దగ్గర వాటిని వాడాలి. వాడిన మాట పక్క గడిలో టిక్ పెట్టాలి. క్లాసులో ఎవరి నోటైనా తెలుగు దొర్లితే చెయ్యెత్తి ఆపేసేవాణ్ని. ఆ విషయంలో నాకు మహా గర్వం.

లలితది నల్గొండ దగ్గర పల్లె. మూసారాంబాగ్‌లో అన్న ఇంట్లో ఉంటూ ఆసుపత్రుల్లో రిసెప్షన్ ఉద్యోగాలకు తిరుగుతోంది. అప్పటికే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. రెండుచోట్లా వాళ్లు కోపంగా ఉన్న పేషెంటు బంధువులా నటించి అడిగారు. ఈమె ‘అయ్యో’ అనేసింది, ఇక ఆ తర్వాత నోరు పెగల్లేదు. మూడోది ఎల్బీ నగర్‌లో.

"గిది గూడ పోతే మా బాపు ఊరికి తోల్కపోతడు సార్" అంది.

తీరా ఆ రోజు బంద్. ఇంటర్వ్యూ మాత్రం ఉందని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. "నడిచి పోత సార్" అంటూ పొద్దున్నే మా సెంటర్ మెట్ల దగ్గర నిలబడింది. దారిలో ప్రాక్టీస్ చేయిద్దామని నేనూ బయల్దేరాను.

"ఊరేగింపు ఎదురైతే మీరు జర మాట్లాడకుండ్రి సార్. నేను మాట్లాడ్త."

షీట్ అడిగి చూశాను. పందొమ్మిది టిక్కులు. ‘ఓ మై గాడ్’ గడి ఖాళీ.

"నిజంగ ఏమన్న అయితే గది నోట్లెకెల్లి వస్తలేదు సార్. ఏం జేయాలె?"

"రావాలమ్మా! అది రాకే కదా రెండుసార్లు పోయింది" అని కసురుకున్నాను.

కొత్తపేట దాటాక రోడ్డుకు అడ్డంగా పెట్టిన రాయి తగిలి బోర్లా పడ్డాను. "ఓరి నాయనో, చచ్చాన్రా దేవుడా!" అని నడిరోడ్డు మీద అరిచాను. లేస్తూనే, పరువు కోసం, "ఐయామ్ ఫైన్, లెట్స్ గో" అన్నాను.

లలిత పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "మీకు గూడ రాలే సార్. గని మీరు ఆగలే. నేనైతే అయ్యో అనంగనే మీరు చెయ్యెత్తినట్టే అనిపిస్తది, గక్కడ్నే ఆగిపోత" అంది.

మోకాలి దెబ్బ కంటే ఆ మాట ఎక్కువ తగిలింది. "ఏమొస్తే అది అను. అన్నాక మాత్రం ఆగొద్దు" అన్నాను.

"ఆగ సార్."

ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఇక్కడా మేనేజర్ పేషెంటు కొడుకులా నటిస్తూ, తండ్రిని గంట నుంచి ఎవరూ పట్టించుకోవడం లేదంటూ ఇంగ్లిషులో కేకలేశాడు. "అయ్యో!" అంది లలిత. ఇదీ పోయిందనుకున్నాను. ఆమె ఆగలేదు. ఇంగ్లిషులోనే పేరడిగింది, టోకెన్ నంబరడిగింది, "ఐ విల్ బీ బ్యాక్ ఇన్ నో టైమ్, సర్" అంది.

ఉద్యోగం వచ్చింది. బయటికొచ్చి షీట్ నా చేతిలో పెట్టింది. ‘ఓ మై గాడ్’ కొట్టేసి, పైన ‘అయ్యో’ అని రాసి, టిక్ పెట్టింది.

అంతకుముందు ఎంతమంది పిల్లల నోళ్లు కట్టేశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇప్పుడు నా షీట్‌లో ఆ గడి ఖాళీగా ఇస్తాను. ఎవరి మాట వాళ్లు రాసుకుంటారు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ నా చేతులు రెండూ జేబుల్లోనే ఉంటాయి.