ముందుగాల పుంటికూర

అమ్మ పెట్టిన పచ్చడి సీసా మూత తిప్పగానే వెల్లుల్లి, మెంతిపిండి కలిసిన పుల్లటి వాసన గుప్పుమంటుంది. వెంటనే నేను నాచారం పచ్చళ్ల ఫ్యాక్టరీ గేటు ముందు, బడి సంచీతో, సైరన్ కోసం ఎదురుచూసే రెండో తరగతి పిల్లనైపోతాను.

అమ్మ అక్కడ సీసాలకు లేబుళ్లు అంటించేది. చదువు రాదు కానీ రంగులు వచ్చు: ఎరుపు మామిడికాయ, పసుపు నిమ్మకాయ, ఆకుపచ్చ గోంగూర. ఎండాకాలమంతా ఆమె కొంగు ఆవఘాటు కొట్టేది; బతుకమ్మకు చేసిన నువ్వుల సద్దిలో కూడా నాకు ఆవాలే తగిలినట్టుండేది. అలాంటిది ఒకరోజు సూపర్‌వైజర్, వచ్చే నెల నుంచి లేబుళ్లన్నీ ఎర్రగానే వస్తాయనీ, చదవలేనివాళ్లకు పని ఉండదనీ చెప్పాడు. ఆ సాయంత్రం అమ్మ చాయ్ కూడా ముట్టలేదు. నాకు భయం వేసింది.

అప్పట్లో చిల్కానగర్ కమ్యూనిటీ హాల్లో రిటైరైన ఇంజినీర్ల సంఘం, ఒక సేవా సంస్థ కలిసి ఆడవాళ్లకు చదువు చెప్పేవి. సంస్థ అక్కలు ఇంటింటికీ తిరిగి అందరినీ పోగుచేస్తే, సార్లు ఇంటి ప్లాను గీసినంత శ్రద్ధగా గళ్ల కాగితం మీద గడికో అక్షరం రాయించేవారు. నేను వెనక కూర్చుని, వాన చప్పుడు వింటూ, మరమరాలు నములుతూ, అమ్మకంటే ముందే జవాబులు చెప్పి తిట్లు తినేదాన్ని.

మొదటిరోజే అమ్మ లేచింది. "అ ఆలు ఎనుకకు జెప్పుండ్రి సారూ, ముందుగాల పుంటికూర నేర్పుండ్రి."

మా ఇళ్లలో గోంగూరను పుంటికూర అంటాం, పచ్చడిని తొక్కు అంటాం. అది కోస్తా నుంచి వచ్చిన మా సారుకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఆయన బోర్డు మీద "గోంగూర పచ్చడి" అని లేబుల్లో ఉన్నట్టే రాసి, వారం రోజులు దిద్దించి, చదవమన్నారు. అమ్మ ధీమాగా చదివింది: "పుంటికూర తొక్కు."

"ఉన్నది చదవాలమ్మా."

"ఉన్నదే సదివిన సారూ. సీసల గదే ఉంటది గద!"

హాలంతా నవ్వులు. సారు చేతిలో సుద్దముక్క కింద పడింది.

నెల తిరిగేలోపు అమ్మ మామిడికాయ, నిమ్మకాయ కూడా కూడబలుక్కుని చదవడం నేర్చింది. ఎర్ర లేబుళ్లు వచ్చిన రోజు నేను సైరన్ కంటే ముందే గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మ వస్తూనే, "ఒక్కటి గూడ తప్పు పోలే బిడ్డా" అంది. ఉప్పల్ బస్సు బోర్డు చదివి ఎక్కింది, ఎక్కాక టికెట్టు కూడా చదివింది. నేను ఎంత మురిసిపోయానో!

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు, సైరన్ లేదు, ఆ సార్లూ చాలామంది లేరు. ఇంగ్లిష్ బడిలో చదివే నా కూతురికి తెలుగు నేర్పే పని అమ్మ తీసుకుంది. నిన్న అమ్మ ఈ సీసా ముందు పెట్టి చదవమంటే, పిల్ల వాసన చూసి ధీమాగా "గోంగూర పచ్చడి" అనేసింది.

"ఉన్నది సదువాలె బిడ్డా" అంది అమ్మ.

సీసాకు అంటించిన గళ్ల కాగితం మీద, గడికో అక్షరం చొప్పున, అమ్మ చేతిరాత: పుంటికూర తొక్కు.